‘అందరం క్షేమం’ అని రాసే ముందు

వనపర్తి,
26-3-2006

నా బిడ్డ సనాకు నాయిన దువా చేసి రాస్తున్నది.

అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. దీనికి ముందు "ఇక్కడ మేమందరం క్షేమం" అని ఒక వరుస ఉండాలి. ఉత్తరం రాయడం నేర్పినప్పుడు మా నాయిన మొదట ఆ వరుసే నేర్పాడు. ఈసారి దాన్ని చివరికి జరిపాను. గాబరా పడకు, చెడ్డ కబురేమీ లేదు. నువ్వు రంజాను సెలవుల్లో చెప్పిన పాఠం తర్వాత "అందరం" అనే మాట రాయబోతే కలం ఆగుతున్నది. ఇంతకాలం ఆ మాటను కూరలో ఉప్పు వేసినట్టు ప్రతిదానిలో వేసేవాడిని. ఇప్పుడు వేసే ముందు ఒకసారి చూసుకోవాల్సి వస్తున్నది. ఇదంతా నీ చలవే.

నీ ఉత్తరంలో ప్రశ్నలన్నీ వరుసగా ఉన్నాయి, పరీక్ష కాగితం లాగా. వెనుకటి ఉత్తరాల్లో రాత నాది కాదేమని అడిగావు. బక్రీదుకు రావద్దని ఎందుకు రాయించానని అడిగావు. ఆ ప్రశ్న దగ్గర సిరా చెదిరి ఉంది. అది నీళ్ల చుక్కో కన్నీటి చుక్కో మాకు తెలియలేదు గానీ, దాన్ని చూసినప్పటి నుంచి మీ అమ్మ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. చలికాలమంతా పోయింది, కప్పుకోను పంపిస్తానన్న దూది రజాయి ఏమైందని అడిగావు. జేజి కంటి ఆపరేషనుకు ఒప్పుకుందా అని అడిగావు. అన్నిటికీ జవాబు ఒక్కచోటే ఉంది. అందుకే నిదానంగా చెప్తాను. నువ్వు తొందరపడి చివరి కాగితం ముందు చదవకు. నీకు ఆ అలవాటు ఉందని నాకు తెలుసు.

ముందు నీ సంగతి. గద్వాల బడిలో పదో తరగతి పిల్లలకు నువ్వు లెక్కల పాఠం చెప్తుంటే మీ ట్రైనింగ్ సారు వెనక బెంచీలో కూర్చొని విన్నాడనీ, "జవాబు పిల్లలతోనే చెప్పించినవమ్మా" అని మెచ్చుకున్నాడనీ రాశావు. ఆ కాగితం జేబులో పెట్టుకొని గోవిందు హోటలుకు పోయాను. చాయ్ తాగుతున్న వాళ్లందరికీ చదివి వినిపించాను. అందరికీ అన్నది తప్పు, పాల తిరుపతయ్య గోడకు ఒరిగి నిద్రపోతున్నాడు, అతనికి తప్ప. గోవిందు నా చాయ్‌కి పైసలు తీసుకోలేదు. "మన సనా పంతులమ్మ అయితుంది. గీ చాయ్ నాది" అన్నాడు. గోవిందు ఒకరికి ఊరికే చాయ్ పోయడం నాకు బుద్ధి తెలిశాక ఎన్నడూ చూడలేదు. ఈ "ఎన్నడూ" కూడా నీ వల్లనే పోయింది చూడు.

ఆ పాఠం మొదట విన్నది గద్వాల పిల్లలు కాదు, మేము. ఇఫ్తారు అయ్యాక మన దూదేకే మిషను గదిలో పరుపుల కట్టకు నల్ల గుడ్డ కట్టి, సుద్దముక్క పట్టుకొని, నన్నూ మీ అమ్మనూ జేజినీ వరుసగా కూర్చోబెట్టావు. నిజమో అబద్ధమో తేల్చి చెప్పగలిగిన వాక్యం ఒకటి కావాలని చెప్పి, "మన వీధిలో కుక్కలన్నీ నల్లవే" అని రాశావు. "ఈ మాట అబద్ధమని చెప్పాలంటే ఎన్ని కుక్కలను సూపియ్యాలె?" అని అడిగావు. సగం కంటే ఎక్కువ అన్నాను నేను. మీ అమ్మ పది అన్నది. జేజి మూలన కూర్చొని తస్బీ పూసలు తిప్పుకుంటున్నది. పాఠం వింటున్నదని కూడా మేము అనుకోలేదు.

"ఒక్క ఎర్ర కుక్క సాలదా బిడ్డా?" అన్నది.

నువ్వు పోయి జేజి రెండు చేతులూ ముద్దు పెట్టుకున్నావు. ఆ ఒక్క ఎర్ర కుక్కనే తర్కంలో ప్రత్యుదాహరణ అంటారని చెప్పావు. అందరూ, అన్నీ, ఎప్పుడూ, ఎవ్వరూ అని బల్ల గుద్ది చెప్పే ఏ మాటనైనా పడగొట్టడానికి ఒక్కటి చాలు, పది అక్కర్లేదు అన్నావు. అయితే ఆ ఒక్కటీ ఆ గుంపులోదే అయి ఉండాలి, మన వీధి కుక్కల మాటను పక్క వీధి కుక్కను తెచ్చి పడగొట్టలేం అని కూడా అన్నావు. ఈ రెండో సంగతి అప్పుడు నా చెవికెక్కలేదు. తర్వాత బస్సు చార్జీలు పెట్టుకొని నేర్చుకున్నాను.

నువ్వు గద్వాలకు పోయాక ఆ మాట నా నోట్లో తిష్ఠ వేసింది. కొత్త చెప్పులు కొన్నవాడు ఇంట్లో కూడా తొడుక్కొని తిరిగినట్టు, పనికొచ్చిన చోటా పనికిరాని చోటా వాడాను. "ఏ బస్సూ టైముకు రాదు" అని ఎవరన్నా అంటే, "పొద్దటి కొల్లాపూర్ బస్సు ప్రత్యుదాహరణ" అనేవాడిని. ఒకరోజు గోవిందు, "పాలు పోసేటోళ్లల్ల కొందరు నీళ్లు కలుపుతరు" అన్నాడు. నేను వెంటనే, "తిరుపతయ్య కలపడు. నీ మాట పడిపాయె" అన్నాను. గోవిందు గిన్నె కడగడం ఆపి నా మొహం చూశాడు.

"నేను కొందరు అంటి గదన్నా. తిరుపతయ్య కలపకపోతే నా మాటకేమైతది?"

నిజమే కదా. అందరూ అంటే ఒక్కడిని చూపించి పడగొట్టవచ్చు. కొందరు అన్నప్పుడు ఒక్క మంచివాడిని చూపిస్తే ఏమీ పడదు. ఆ మాట అబద్ధమనాలంటే ఊళ్లో పాలు పోసే వాళ్లందరి దగ్గరికీ పోయి, ఒక్కడు కూడా కలపడని తేల్చుకోవాలి. ఇంటికొచ్చి మీ అమ్మకు చెబితే, "బిడ్డ సదువు నీ నోట్లబడి ఆగమైతుంది" అన్నది.

ఇక మా అమ్మ, మీ జేజి సంగతి. రెండు కళ్లలోనూ మోతిబిందు పొర ముదిరింది, ఆపరేషను చేయించు నాయినా అని నువ్వు బస్సెక్కేటప్పుడు కూడా చెప్పిపోయావు. ఎన్నిసార్లు అడిగినా జేజి మాట ఒకటే.

"మన వీధిల కండ్ల ఆపరేషన్ చేపిచ్చుకున్నోళ్లు ఒక్కరు గూడ మళ్ల సూడలే. ఉన్న మసకనన్న నాకుండనియ్‌రా."

"అమ్మా, ఒక్కరు గూడ అనకు. యాడనో ఒకరుంటరు."

"ఉంటె పేరు చెప్పు. మునవ్వర్ సూసిండా? ఆయన తమ్ముడు సూసిండా? ఆ పక్కింటి ముసలామె సూసిందా?"

నాకు ఒక్క పేరు కూడా దొరకలేదు. మన మునవ్వర్ పెదనాయిన నీకు గుర్తుండడు. గోడ పట్టుకొని మసీదుకు పోయేవాడు. ఆపరేషనుకు పోయేటప్పుడు కనీసం మనిషి నీడ కనబడేది, వచ్చాక అది కూడా పోయింది. ఆయన తర్వాత పోయినవాళ్లకూ అదే గతి. మన దూదేకుల వీధిలో జేజి మాట నిజం. అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అటువంటప్పుడు రజాయిలు అమ్మడానికి గోపాల్‌పేట పోయాను. అక్కడ భీమమ్మ అని ఒకామె, గొర్లు కాసుకునే ఇంటి మనిషి, అరుగు మీద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. మాటల్లో కంటి ఆపరేషను చేయించుకున్నానని చెప్పింది. నాకు ఎర్ర కుక్క దొరికినంత సంబరమైంది. ఆమెకు ఈ ఎర్ర కుక్క సంగతి చెప్పలేదనుకో. బతిమాలి, మరునాడు బస్సెక్కించి మన ఇంటికి తీసుకొచ్చాను.

జేజి ఆమెకు చాయ్ ఇప్పించింది. చేతులు పట్టుకొని, ఆపరేషను ఎక్కడైంది, ఎవరు చేశారు, నొప్పి ఎంతసేపు అని అన్నీ అడిగింది. నేను గుమ్మం దగ్గర నిలబడి, పని అయిపోయిందని లోపల్లోపల మురుస్తున్నాను.

"నీకు మంచిగ కనబడ్తుంది, అల్లా నిన్ను సల్లగ సూడాలె" అన్నది జేజి చివరికి. "కాని సెల్లే, నువ్వు గొర్ల కాడ ఉంటవు. నేను చెప్పింది మా వీధి సంగతి, దూదేకెటోళ్ల సంగతి. నువ్వు మాకు పక్క వీధి కుక్కవైతవు."

పాపం భీమమ్మ ఆ మాట అర్థంకాక నావైపు చూసింది. పాఠంలో మాటలే, తిట్టు కాదని నేను బుజ్జగించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆమెను బస్సెక్కించి వచ్చి, జేజి మీద గట్టిగా కోపం చేసుకుందామని కూర్చున్నాను. కోపం రాలేదు బిడ్డా. అక్షరం రాని మనిషి, సగం చూపు లేని మనిషి, నువ్వు ఒక్కసారి చెప్పిన రెండో షరతును కొంగున ముడి వేసుకొని ఇన్నాళ్లు దాచింది. నేను ఏడో తరగతి చదివి దాన్ని మరిచాను. మా అమ్మను చూసి ఆ రోజు నాకు ఎంత గర్వమైందో చెప్పలేను.

ఆ కూర్చోవడంలోనే ఇంకో ఆలోచన వచ్చింది. భీమమ్మకు వచ్చిన చూపు మన వీధివాళ్లకు ఎందుకు రాలేదు? కత్తి అదే, మందు అదే. మునవ్వర్ పెదనాయిన ఆపరేషను చేయించుకొని వచ్చిన వారంలోనే మిషను ముందు కూర్చున్నాడు. అది నేను కళ్లారా చూశాను. దూది ధూళి లోపలికి పోకుండా మనం మూతికి తడి గుడ్డ కట్టుకుంటాం కదా, ఆయన కంటికి కూడా ఒక తడి గుడ్డ కట్టుకున్నాడు. తర్వాత పోయినవాళ్లూ అట్లాగే కట్టుకున్నారు. తాతల నాటి నుంచి మనకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. ఆ తడి గుడ్డకు పట్టిన ధూళి అంతా పచ్చి కంట్లోకే పోయింది. కన్ను పోయాక వీధంతా ఆపరేషనును తిట్టింది. తడి గుడ్డను ఒక్కరూ అనుమానించలేదు.

ఇది జేజికి చెప్పాను. విన్నది. "అయితె అయి ఉంటది. గుడ్డ కట్టకుండ సూపు వచ్చినోన్ని మన వీధిల ఒక్కన్ని సూపియ్యి, వస్త" అన్నది. మళ్లీ మొదటికే వచ్చాం. చూపిద్దామంటే అటువంటివాడు లేడు. ఎవడో ఒకడు తయారు కావాలి.

ఇప్పుడు నువ్వు జర కూర్చొని చదువు బిడ్డా. ఇన్నాళ్లు నీకు చెప్పని సంగతి ఇది.

నా కుడి కన్ను నువ్వు రంజానుకు వచ్చేటప్పటికే మసకబారింది. ఎడమ కన్నూ అంతంతమాత్రమే, దానితోనే నెట్టుకొచ్చాను. నల్ల గుడ్డ మీద నువ్వు రాసింది నాకు కనబడలేదు. కుక్కల మాట నువ్వు చదివి వినిపిస్తే విన్నాను. తలకాయ ఊపుతుంటే చదువుతున్నానని నువ్వు అనుకున్నావు. నీ కోసం మొదలుపెట్టిన నీలం రజాయి మీద కుట్టు వరుసలు వంకర పోతున్నాయని మీ అమ్మ అంటే, లాంతరు సరిగా లేదని దబాయించాను. పట్టపగలు కుట్టిన రజాయికి లాంతరు ఏమిటని ఆమె అడగలేదు, అర్థమైపోయింది.

నా కన్నే చేయించుకుంటానని చెప్పినప్పుడు మీ అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది.

"మీ అమ్మకు పాఠం చెప్పనీకె నీ కన్ను పెడ్తవా?"

"పాఠానికి కాదే. ఎట్లన్న పోతున్న కన్నే గద."

"అది పోతె ఇల్లెట్ల గడుస్తది?"

నన్ను వీరుడని అనుకోకు. సగం జేజి కోసం, సగం నా సూది కోసం పోయాను. భయం మాత్రం నిండుగా ఉంది. చూపు పోతుందనే భయం ఒకటి. దానికంటే పెద్దది ఇంకొకటి. నా కన్ను కూడా పోతే, జేజి మాటకు నేను ఇంకో సాక్షినవుతాను. మన వీధిలో ఒక్కరూ చూడలేదన్న మాట ఇంకా గట్టిపడుతుంది. ఆ తర్వాత జేజి ఈ జన్మలో ఆపరేషను బల్ల ఎక్కదు. మా అమ్మ మిగిలిన రోజులు చీకట్లో గడిపితే దానికి కారణం నేనే అవుతాను. నాగర్‌కర్నూల్ కళ్ల క్యాంపుకు పోయే బస్సులో నా మనసులో మెదిలింది ఇదే.

నాకు తోడు టైలరు కురుమూర్తి వచ్చాడు. మన పక్క వీధిలో ఉంటాడు కదా, నిన్ను చిన్నప్పుడు కుట్టు మిషను చక్రం తిప్పనిచ్చేవాడు. క్యాంపులో అబ్రహాం అని ఒక సారు, డాక్టరుకు సాయం చేసే ఆయన, నా పని ఏమిటని అడిగాడు. దూది పని అనగానే కలం పక్కన పెట్టాడు.

"నెల పైన దూది ఉన్న గదిల కాలు పెట్టొద్దు. ఉంటరా? ఉంటనంటేనే పేరు రాస్త."

"ఉంట సార్. ఒట్టు."

"సీజన్ గద. పని ఆగుతదా?"

"ఆపుత" అన్నాను.

చలికాలం నడిమధ్యన మిషను ఆపేశాను. రజాయిల గిరాకీ అంతా పక్కవాళ్లకు పోయింది. మన ఇంట్లో అటుక మీద, దూలాల మీద, అన్నం కుండ మీద కూడా దూది ధూళే కదా, అందుకని కురుమూర్తి వాళ్ల వెనక గదిలో ఉన్నాను. నాకు అచ్చంపేటలో పరుపుల పని దొరికిందని జేజికి చెప్పించాం. నీకు ఉత్తరాలు కురుమూర్తి రాసింది అప్పుడే. మొదటి ఉత్తరం మొదటి వరుస దగ్గర అతను ఆగిపోయాడు.

"అన్నా, కంటికి పట్టీ పెట్టుకొని, అందరం క్షేమమని ఎట్ల రాయమంటవు?"

"రాయి తమ్మీ. దూరంల ఉన్న బిడ్డకు పరేషాన్ ఎందుకు?"

నా మాట కాదనలేక రాశాడు. నీకు వచ్చిన ఆ ఉత్తరాల్లో ఆ వరుస అబద్ధం బిడ్డా. దానికి ప్రత్యుదాహరణ, పక్కన కూర్చొని చెప్పి రాయిస్తున్న నేనే. బక్రీదుకు నువ్వు వచ్చి ఉంటే నల్ల అద్దాలతో పక్క వీధి గదిలో ఉన్న నాయినను చూసి ఏడ్చేదానివి. చదువు పక్కన పెట్టి నా మంచం దగ్గర కూర్చునేదానివి. అందుకే రావద్దని రాయించాను. పండుగ పూట నువ్వు హాస్టల్లో ఒంటరిగా ఉన్నావని తలుచుకొని నేనూ అన్నం సరిగా తినలేదు.

జేజిని మోసం చేశామనుకున్నాం. బక్రీదు నాడు మధ్యాహ్నం ఆమె గోడలు తడుముకుంటూ కురుమూర్తి ఇంటికే వచ్చింది. నా మంచం మీద కూర్చొని నా మొహం మీద చేయి పెట్టింది. అద్దాలు తగిలాయి. తీయలేదు, మెల్లగా అంచులు తడిమింది.

"అచ్చంపేట గింత దగ్గరికెప్పుడొచ్చిందిరా?" అన్నది.

"ఎట్ల తెలిసిందమ్మా?"

"పండగ ముంగల మన మిషన్ చప్పుడు బందయితె నాకు తెల్వదా? నీ కన్ను పోతుందని ఎప్పుడో తెలుసు. సనా రజాయి మీద చెయ్యి పెడితె కుట్టు యాడికో పోతుండె. నువ్వు చెప్పుతవేమో అని సూసిన."

నా వేళ్లు పట్టుకొని, "కనబడ్తుందా?" అని అడిగింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కనబడుతున్నదని చెప్పాను. కురుమూర్తి బయట తీగ మీద ఆరేసిన గళ్ల లుంగీలో గళ్లు కూడా కనబడుతున్నాయని చెప్పాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్వబోతే, పచ్చి కన్ను, నీళ్లు తెచ్చుకోకు అని కసిరింది.

ఇక ఒప్పుకున్నట్టే అనుకున్నాను. "అమ్మా, నువ్వన్న మాట పడిపాయె. మన వీధిలోన్నే, దూదేకెటోన్నే, నాకు సూపొచ్చె. ఇగ నీకూ వస్తది" అన్నాను.

"నీకొస్తె నాకొస్తదని యాడుందిరా?"

నువ్వు పక్కనుంటే ఏం చెప్పేదానివా అని ఆలోచించాను. ఒక్క ఎర్ర కుక్కతో కుక్కలన్నీ నల్లవే అన్న మాట పడిపోతుంది. కుక్కలన్నీ ఎర్రవే అని మాత్రం తేలదు. నాకు చూపు వచ్చినందుకు ఎవ్వరికీ రాదన్న మాట పోయింది. అందరికీ వస్తుందన్నది నిలబడలేదు. ప్రత్యుదాహరణ పడగొడుతుంది గానీ నిలబెట్టదు. జేజి ముసలి కన్ను, ఎక్కువ ముదిరిన పొర. అబద్ధం ఆడి ఆమెను తీసుకుపోవచ్చు, ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. నీ పాఠం అడ్డం వచ్చింది.

"యాడ లేదమ్మా" అన్నాను. "రావొచ్చు, రాకపోవచ్చు. ఎవ్వరికీ రాదు అన్నది మాత్రం అబద్ధం. గంతవరకె నేను చెప్పగలుగుత."

జేజి నా వేళ్లను వదిలిపెట్టలేదు.

"తప్పక వస్తది అని ఒట్టేసి ఉంటె నేను రాకపోదును. ఇన్నేండ్లు అందరూ నాకు అన్నీ ఒట్టేసే చెప్పిండ్రు. నువ్వు తెల్వంది తెల్వదన్నవు. వస్త. పీర్ల పండగ కానియ్యి."

మొహర్రం అయి పీర్లను సాగనంపాక వచ్చిన క్యాంపుకు తీసుకుపోయాను. అబ్రహాం సారు నన్ను గుర్తుపట్టి, నా కన్ను చూసి, జేజితో "మీ కొడుకు మాట నిలబెట్టుకున్నడమ్మా" అన్నాడు. ఆమెను లోపలికి తీసుకుపోతుంటే నాకు నా ఆపరేషను నాటి కంటే ఎక్కువ భయమేసింది. మరునాడు పొద్దున పట్టీ విప్పారు. జేజి కన్ను తెరిచి మూసింది. మళ్లీ తెరిచింది. ఎదురుగా నిలబడిన నన్ను చాలాసేపు చూసింది.

"నీ గడ్డం ఎప్పుడు నెరిసిందిరా సాబిర్?" అన్నది.

నేను బయటికి వచ్చి వరండాలో గోడకు మొహం పెట్టుకున్నాను.

తర్వాత ఆమె కూడా కురుమూర్తి వెనక గదిలోనే ఉన్నది. అతని పెండ్లాం జేజిని సొంత అత్తలాగా చూసింది. ఆ ఇంటి రుణం నువ్వు ఉద్యోగం చేశాక కూడా గుర్తుపెట్టుకోవాలి. అక్కడుండగానే నీ నీలం రజాయి తెప్పించుకొని, దుమ్ము దులిపించి, వెలుతురులో పరిచి చూసింది. "ఎద్దు ఉచ్చ పోసినట్టుంది గదరా. చెయ్యి పెడితె గింత వంకర తెల్వకపాయె" అని నన్ను అందరి ముందర తిట్టింది. ఇన్నేళ్లలో అంత తియ్యటి తిట్టు నేను తినలేదు. విప్పి మళ్లీ కుడతానంటే వద్దన్నది. సగం దాకా వంకర వరుసలే ఉన్నాయి, మిగతా సగం కొత్త కన్నుతో నేను కుట్టాను, ఆ వరుసలు తాడు పట్టినట్టు ఉంటాయి. చూసి గుర్తుపడతావు. ఎండలు ముదిరాక రజాయి పంపే నాయిన ఎక్కడైనా ఉంటాడా అని నవ్వుకో. వచ్చే చలికాలానికి ఉంచుకో.

వీధిలో ఇప్పుడు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి అడుగుతున్నారు. నేను ఒట్టు పెట్టడం లేదు. తడి గుడ్డ సంగతి, నెల పైన దూదికి దూరంగా ఉండే సంగతి చెప్తున్నాను. జేజి పక్కన కూర్చొని నేను ఎక్కువ చెప్పకుండా కాపలా కాస్తున్నది. నీ ప్రత్యుదాహరణను మన వీధిలో ఇప్పుడు చిన్నా పెద్దా అంటున్నారు, నోరు తిరగనివాళ్లు ఎర్ర కుక్క అంటున్నారు. నువ్వు గద్వాల బడిలో చెప్పిన పాఠం మంచిదే అయి ఉంటుంది. మిషను గదిలో చెప్పింది దానికంటే ఎక్కువ పని చేసింది. నీలాంటి బిడ్డను కన్నందుకు నీ నాయిన తల ఎత్తుకొని తిరుగుతున్నాడు.

నిన్న నెల దాటాక అబ్రహాం సారు జేజి కన్ను చూసి బాగుందన్నాడు. నాకు రాసుకునే అద్దాలు ఇచ్చారు. ఈ ఉత్తరం వాటితోనే, నా చేతితోనే రాస్తున్నాను. జేజి ఇంటికి వచ్చింది, మిషను గదికి మాత్రం తడక కట్టాం. రెండో కన్ను వానాకాలం పోయాక చేయించుకుంటానని ఆమే అన్నది. మొదట రాయాల్సిన వరుసను రాసే ముందు లేచి ఇల్లంతా తిరిగి చూసి వచ్చాను. మీ అమ్మ పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్నది, ఒంట్లో బాగానే ఉంది, నన్ను తిడుతున్నది కూడా. నాకు సూది బెజ్జం కనబడుతున్నది. జేజి నా పక్కనే కూర్చొని, చదువు రాకపోయినా, కలం ఎటు పోతే అటు చూస్తున్నది. ఇక రాయవచ్చు.

ఇక్కడ మేమందరం క్షేమం.

ఈ వరుస చదివి వినిపిస్తే, "అందరం అని యాడ రాసినవ్, సూపియ్యి" అన్నది జేజి. చూపించాను. దాని మీద వేలు పెట్టి అక్షరాలను ఒక్కొక్కటే చూసింది. సిరా ఇంకా ఆరలేదు, జర చెదిరింది. కన్నీటి చుక్క అనుకొని గాబరా పడేవు బిడ్డా, అది మీ జేజి వేలు.

ఇట్లు
నీ మేలు కోరే నాయిన,
సాబిర్